ఎంఎస్‌డబ్ల్యూ కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఆర్టీసీ డ్రైవర్‌ని, వయసు 54. చేతికి 46 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 30 వేలు. అమ్మాయి డిగ్రీ అయింది, సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చేస్తానంటోంది. ఆస్ట్రేలియాలో రెండేళ్ల కోర్సుకు సీటొచ్చింది. ఇల్లు తాకట్టు పెడితే ఒక ఫైనాన్స్ కంపెనీ 11 శాతానికి 35 లక్షలు ఇస్తానంది. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు, ఉన్న ఎఫ్‌డీ 4 లక్షలు కలిపితే 45 లక్షలు. మిగతాది అమ్మాయే పార్ట్‌టైమ్ చేసి సంపాదించుకుంటుందని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. మా తమ్ముడేమో ఉస్మానియాలో చేర్పించమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఏ కాలేజీ అన్నది తర్వాత.

పిల్లల చదువు గురించి నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే తప్పు. లోన్ ఎంత శాంక్షన్ అయిందో చూసి కోర్సు తేల్చుకుంటారు, తగ్గిన నాలుగు లక్షల కోసం ఇంట్లో ఉన్న ఒక్క ఎఫ్‌డీని విరగ్గొడతారు. మీ ఉద్యోగం స్టీరింగ్ మీద ఉంది. కంటి చూపు తగ్గినా, నడుము పట్టేసినా మెడికల్ అన్‌ఫిట్ అంటారు, ఆ తర్వాత మీకు ఏ పని ఇస్తారో, ఎప్పుడు ఇస్తారో తేలేదాకా ఇల్లు దేనితో నడుస్తుంది? మామూలు ఉద్యోగికి నేను ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాను. డ్రైవర్‌కి మాత్రం ఏడాది ఖర్చు ఉండాల్సిందే. నెలకు 30 వేల చొప్పున అది 3 లక్షల 60 వేలు, అంటే దాదాపు మీ ఎఫ్‌డీ మొత్తం. అది అమ్మాయి చదువుకు దాచిన డబ్బు కాదు, మీ ఇంటి అత్యవసర నిధి. ఇన్నాళ్లూ మీరు దాన్ని ఆ పేరుతో పిలవలేదు, అంతే.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. చదువు కోసం నూటికి రెండు రూపాయలా? ఏడాదికి 24 శాతం అండీ! 6 లక్షలకు నెలకు 12 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. 46లో ఇంటి ఖర్చు 30, వడ్డీ 12 పోగా మీకు మిగిలేది 4 వేలు. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు చదువు నడుస్తుండగానే ఎంతో కొంత వడ్డీ కట్టమంటాయి, అది ఈ నాలుగు వేలలోంచే రావాలి. పెద్ద లోన్ సంగతి కూడా చూడండి. 35 లక్షలు విడతలుగా తీసుకున్నా, కోర్సు అయ్యాక ఆరు నెలలకు వడ్డీ చేరి అది దాదాపు 42 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 57 వేల పైనే. ఆఖరి కిస్తీ నాటికి మీకు 66 దాటుతాయి, రిటైర్మెంట్ మాత్రం 60కే. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ ఎంతొస్తుందో మీ డిపోలో రిటైరైనవాళ్లను ఒకసారి అడగండి. కిస్తీలు ఆగితే, తాకట్టు అప్పుల వసూలుకు ఉన్న సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే ఇల్లు వేలానికి పెట్టొచ్చు.

కన్సల్టెన్సీవాళ్లు చెప్పని మాట ఇంకోటుంది. అక్కడ సోషల్ వర్కర్ల సంఘం గుర్తింపున్న కోర్సు చేస్తేనే ఆ డిగ్రీకి విలువ, ఆ గుర్తింపు ఉన్న కోర్సులో కనీసం 1000 గంటల ప్లేస్‌మెంట్ ఉంటుంది. ప్లేస్‌మెంట్ అనగానే ఉద్యోగం అనుకోకండి, ఇది ఫీల్డ్ వర్క్, మామూలుగా జీతం ఉండదు. వారానికి 40 గంటలు చేసినా 25 వారాలు. అక్కడి ప్రభుత్వం 2025 జూలై నుంచి ఇలాంటి విద్యార్థులకు వారానికి కొంత భత్యం ఇస్తోంది కానీ అది వాళ్ల దేశపు పిల్లలకు, మన పిల్లలకు కాదు. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు రెండు వారాలకు 48 గంటల పని చేసుకోవచ్చు, నిజమే. పగలంతా ఆసుపత్రిలోనో షెల్టర్‌లోనో ఫీల్డ్ వర్క్ చేసిన పిల్ల ఆ గంటలు ఎప్పుడు చేస్తుంది? రాత్రుళ్లు, శని ఆదివారాలు. ఆ ఆరు నెలల్లో జ్వరమొచ్చి రెండు వారాలు పడుకుంటే అద్దె మీరే పంపాలి, దేంతో పంపుతారు? ఎఫ్‌డీ అప్పటికే అయిపోయింది. విదేశీ చదువుకు అత్యవసర నిధి ఒకటి చాలదు. ఇంటికొకటి, అక్కడ పిల్లకొకటి ఉండాలి. మీ లెక్కలో రెండూ లేవు.

మీ తమ్ముడి మాట వినండి. సోషల్ వర్క్ మంచి చదువే, అమ్మాయిని మాన్పించమని నేననను. కానీ దీనికి ఇక్కడ మొదటి జీతం పెద్దగా ఉండదు, అందుకే చదువు అప్పు లేకుండానో కొద్ది అప్పుతోనో పూర్తవ్వాలి. ఉస్మానియా, కాకతీయ లాంటి వాటికి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయించండి. ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మీద ఆశ ఉంటే జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. 1936 నుంచి నడుస్తున్న సంస్థ, పేరుకు తగ్గ పోటీ ఉంటుంది, ముంబయి ఖర్చు కూడా ఉంటుంది. ఎక్కడైనా చేరేముందు ర్యాంకులకన్నా ఫీల్డ్ వర్క్ గురించి అడగమనండి: వారానికి ఎన్ని రోజులు, ఏ సంస్థలకు పంపుతారు, రానుపోను ఖర్చు ఎవరిది, పాత బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు. ఇవన్నీ సీనియర్లు దాచకుండా చెబుతారు.

డబ్బు చాలకపోతే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ చూడండి, ఏడున్నర లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. చేరే సంస్థ కేంద్ర ప్రభుత్వ ఎడ్యుకేషన్ లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉంటే ఇంకా నయం, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపే కాబట్టి వడ్డీలో 3 శాతం రాయితీకి కూడా అప్లై చేయొచ్చు. అప్పు తీసుకుంటే అంత మొత్తానికి మీ పేరు మీద టర్మ్ జీవిత బీమా పాలసీ ఉండాలి, ఈ వయసులో ప్రీమియం ఎక్కువే, అయినా తప్పదు.

ఆస్ట్రేలియా ముచ్చట పోదంటే, ఇక్కడ ఎంఎస్‌డబ్ల్యూ చేసి కొన్నేళ్లు పనిచేశాక వెళ్లొచ్చు, అక్కడి సోషల్ వర్కర్ల సంఘమే విదేశీ డిగ్రీలను పరిశీలించి అర్హత తేలుస్తుంది. సులువు కాదు కానీ ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు.

ఆ 6 లక్షలవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. నోటు మీద సంతకం ఇంకా పెట్టలేదనే అనుకుంటున్నాను.