అన్నం గిన్నె చూస్తే మొహం తిప్పుకుంటోంది
పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుల సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంట్లో 3 ఏళ్ళ మగ పామెరేనియన్ ఉంది. బరువు 9 కిలోలు. పొద్దున్నే మా మామగారితో పాటు గ్లాసుడు గేదెపాలు, ఓ అరడజను మేరీ బిస్కట్లు తీసుకుంటుంది. మధ్యాహ్నం మా అత్తగారు పెరుగన్నం ముద్దలు చేసి నోటికి అందిస్తారు. రాత్రి డ్రై ఫుడ్ పెడితే వాసన చూసి వెళ్ళిపోతుంది. మొదట్లో కోడికూర పులుసు కలిపితే తినేది. తరువాత ఉడికించిన చికెన్ ముక్కలు మాత్రమే ఏరుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ ముక్కలు కూడా చేత్తో పెడితేనే తింటోంది. బరువు తగ్గలేదు, ఆటపాటల్లో ఏ లోటూ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బరువు తగ్గలేదని, హుషారుగా ఉందని మీరు రాయడం నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. తిండి వద్దనే కుక్కల్లో తినలేనివి కొన్ని, తినవలసిన అవసరం లేనివి కొన్ని ఉంటాయి. మీది రెండో రకమని మీ ఉత్తరమే చెబుతోంది. అయినా మొదటి రకం కాదని ఒకసారి రూఢి చేసుకోవాలి. పామెరేనియన్లకు పళ్ళ మీద గార త్వరగా పడుతుంది. ఆకలితో గిన్నె దగ్గరకు వచ్చి, గింజ నోట్లో వేసుకుని కింద పడేస్తున్నా, ఒకవైపే నములుతున్నా, నోరు దుర్వాసన వేస్తున్నా నొప్పి పళ్ళలో ఉందని అర్థం. మాటిమాటికీ పెదవులు నాకడం, చొంగ కార్చడం కడుపులో వికారానికి గుర్తులు. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు చాలా ఎక్కువ, వాటిలో తొలి రోజుల్లో తిండి మానేయడం తప్ప మరే లక్షణమూ కనిపించకపోవచ్చు. అందుకే ఉన్నట్టుండి తిండి మానేసిన కుక్కకు రక్తపరీక్ష చేయించమని నేను తప్పకుండా చెబుతాను. చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా ఆ రోజే చూపించాలి.

ఇక లెక్కకు వద్దాం. ఇంటిపట్టున ఉండే 9 కిలోల కుక్కకు రోజుకు 550 నుంచి 600 కేలరీలు సరిపోతాయి. గ్లాసుడు గేదెపాలలో దాదాపు 200, అరడజను మేరీ బిస్కట్లలో 130 పైచిలుకు కేలరీలు ఉంటాయి. అంటే తెల్లవారగానే రోజు తిండిలో సగానికి పైగా లోపలికి వెళ్ళిపోతోంది, ఆపైన పెరుగన్నం ఉండనే ఉంది. కడుపు నిండిన కుక్క రాత్రి డ్రై ఫుడ్ వద్దనడంలో ఆశ్చర్యం లేదు. పైగా వద్దన్న ప్రతిసారీ అంతకంటే రుచికరమైనది గిన్నెలోకి వస్తోంది. కాసేపు ఆగితే పులుసు, మరికాసేపు ఆగితే చికెన్, ఇంకా ఆగితే ముద్ద చేసి నోటికి అందించే చెయ్యి దొరుకుతాయని అది చక్కగా నేర్చుకుంది.

అన్నిటికంటే ముందు ఆ కోడికూర పులుసు ఆపండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. కొద్దికొద్దిగా రోజూ తిన్నా ప్రమాదమే, ఉడికించినంత మాత్రాన ఆ గుణం పోదు. ఎముకల్లేని ఒట్టి చికెన్ మీద ఎక్కువకాలం బతికే కుక్కకు కాల్షియం చాలదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే అందులో తప్పేమీ లేదు, కానీ అన్నం, మాంసం, కూరగాయల పాళ్ళు, కలపవలసిన కాల్షియం, విటమిన్లు మీ పశువైద్యుడి చేత రాయించుకోండి.

రోజు మొత్తానికి సరిపడే తిండిని పొద్దున్నే కొలిచి రెండు పూటలకు విడదీయండి. పెట్టే ముందు డ్రై ఫుడ్ మీద కొద్దిగా గోరువెచ్చని నీళ్ళు చల్లి కాసేపు ఉంచితే వాసన లేస్తుంది. రుచి కంటే వాసనే కుక్కను గిన్నె దగ్గరకు రప్పిస్తుంది. గిన్నె పెట్టి మీ పనిలో మీరు ఉండండి. బతిమాలకూడదు, చుట్టూ నిలబడి చూడకూడదు. 20 నిమిషాల తరువాత, తిన్నా తినకపోయినా గిన్నె తీసేయండి. మళ్ళీ పూట వచ్చేవరకు నీళ్ళు తప్ప మరేమీ ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేసినా నష్టం లేదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం మొండితనమని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. పిల్లకుక్కలను ఈ పద్ధతిలో ఆకలితో ఉంచకూడదు.

చేత్తో తినే అలవాటును ఒక్కరోజులో మాన్పించనక్కర్లేదు. మొదట చేతిని గిన్నె పైన పట్టుకుని తినిపించండి, తరువాత గిన్నెలోనే చెయ్యి ఉంచండి, ఆపైన చెయ్యి తీసేయండి. మీ అత్తమామల ప్రేమను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నిజానికి ఈ పని వారు కలిసిరాకుండా జరగదు. గిన్నె పెట్టే బాధ్యత మీ అత్తగారికే అప్పగించండి. పాలు, బిస్కట్ల బదులు మీ మామగారు ఆ కొలిచిన తిండిలోంచే నాలుగు గింజలు చేతిలో ఉంచుకుని పెడితే, ఆయనకూ కుక్కకూ ఆ పొద్దుటి కాలక్షేపం మిగులుతుంది.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు 10 నెలలు. ఇదివరకు గిన్నె నాకి శుభ్రం చేసేది. ఈ మే నెలలో మూడో వంతు వదిలేస్తోంది. భయపడాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ వయసుకు ఎదుగుదల నెమ్మదిస్తుంది, కిలో బరువుకు కావలసిన తిండి చిన్ననాటి కంటే బాగా తగ్గిపోతుంది. దానికి ఖమ్మం ఎండలు తోడయ్యాయి. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకి చల్లబడ్డాక ఒకసారి పెట్టి చూడండి. అరచేత్తో పక్కటెముకలు నిమిరినప్పుడు పైకి పొడుచుకు రాకుండా, సులువుగా చేతికి తగులుతుంటే ఒళ్ళు సరిగా ఉన్నట్టే. ఆడకుక్క అయితే ఎదకు వచ్చే రోజుల్లోనూ, ఆ తరువాత రెండు నెలలకు కనిపించే ఉత్తుత్తి చూలు సమయంలోనూ ఆకలి తగ్గడం మామూలే. అయితే లాబ్రడార్ జాతికి తిండి మీద ధ్యాస ఎక్కువ. అది కొంచెం తగ్గించడం వేరు, పూర్తిగా మానేయడం వేరు. మానేయడంతో పాటు వాంతులు కూడా ఉంటే సాక్సో, గుడ్డముక్కో, మామిడి టెంకో మింగి పేగులో అడ్డం పడిందేమో అదే రోజు చూపించండి.

ప్రశ్న: చవకగా వస్తుందని డ్రై ఫుడ్ పెద్ద సంచి కొంటున్నాం. కొత్తలో బాగానే తింటుంది, సంచి సగమయ్యేసరికి మొహం తిప్పుకుంటుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కుక్క చెప్పేది నమ్మండి. సంచి విప్పాక గాలికి, వేడికి ఆ తిండిలోని కొవ్వు కనరెక్కుతుంది. ఆ వాసన మనకంటే ఎంతో ముందుగా కుక్కకు తెలుస్తుంది. నెలరోజుల్లో అయిపోయేంత సంచే కొనండి. తిండిని డబ్బాలో ఒంపకుండా, సంచి మూతి బిగించి సంచితో సహా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్ళో, ముఖ్యంగా వానాకాలంలో, తేమకు బూజు పట్టే ప్రమాదం కూడా ఉంది. కొన్ని రకాల బూజు నుంచి పుట్టే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముక్కిపోయిన తిండిని ఎండబెట్టి మళ్ళీ వాడకండి, మీ కుక్క వద్దందని వీధికుక్కలకు, కోళ్ళకు కూడా వేయకండి.