హెచ్ఐవీ క్లెయిమ్: సోకిన తేదీ కాదు, తేలిన తేదీ చూడాలి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం. 2022 జూన్‌లో ఆరోగ్య బీమా తీసుకుని ఏటా రెన్యువల్ చేయిస్తున్నాను. అప్పట్లో ఏజెంటు ఇచ్చిన ఖాళీ ప్రపోజల్ ఫారం (పాలసీ దరఖాస్తు) మీద సంతకం పెట్టాను, కాపీ ఉంచుకోలేదు. 2024 సెప్టెంబరులో హెచ్ఐవీ ఉందని తేలింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు, నేను ఏ తప్పూ చేయలేదు. నవంబరులో న్యుమోనియాతో హైదరాబాద్‌లో 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, నాలుగు రోజులు వెంటిలేటర్ మీద. బిల్లు రూ.3.86 లక్షలు. జబ్బు దాచి పాలసీ తీసుకున్నానంటూ 2025 జనవరి 17న క్లెయిమ్ తిరస్కరించారు. ఫిర్యాదు చేస్తే మార్చి 4న మళ్లీ కుదరదన్నారు. అప్పటి నుంచి మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. నెలనెలా వాడే ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే చికిత్స) మందుల బిల్లులూ ఇవ్వడం లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక లైను తీసేసి కొత్తది ఇప్పిస్తానని ఆసుపత్రిలో ఒకతను అంటున్నాడు. తీసుకోవచ్చా? కేసు వేస్తే పేరు బయటపడుతుందని భయంగా ఉంది.

జవాబు: హెచ్ఐవీ మీకు ఎలా సోకిందన్నది వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు. ఎప్పుడు సోకిందన్నదీ అక్కర్లేదు. ఉందని ఎప్పుడు తేలిందన్నదే మీ కేసును గెలిపిస్తుంది, లేదా ఓడిస్తుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం 'ముందు నుంచి ఉన్న వ్యాధి' అంటే పాలసీ మొదలవడానికి ముందు నిర్ణీత కాలంలో డాక్టరు నిర్ధారించినదో, వైద్య సలహా గానీ చికిత్స గానీ పొందినదో అయి ఉండాలి. ఆ కాలం మీరు పాలసీ తీసుకున్నప్పుడు 48 నెలలు, 2024 నుంచి 36 నెలలు. ఒంట్లో తెలియకుండా ఉన్న ఇన్ఫెక్షన్ ఇందులోకి రాదు. మీ సీడీ4 (రోగనిరోధక కణాల) కౌంట్ 64కు పడిపోయింది కాబట్టి వైరస్ ఏళ్ల కిందటే సోకి ఉంటుందని కంపెనీ డాక్టరు వాదిస్తారు. వైద్యపరంగా అది నిజం కావచ్చు. కానీ మీకు తెలియని విషయాన్ని మీరు దాచారనడానికి అది సాక్ష్యం కాదు.

మరి కంపెనీ చేతిలో ఉన్నదేమిటి? డిశ్చార్జ్ సమ్మరీ రెండో పేజీలో డ్యూటీ డాక్టరు రాసిన ఒక్క లైను: 'కే/సీ/ఓ ఆర్‌వీడీ సిన్స్ 4 ఇయర్స్'. కే/సీ/ఓ అంటే ఇప్పటికే తెలిసిన కేసు అని, ఆర్‌వీడీ అంటే ఆసుపత్రుల పొడి భాషలో హెచ్ఐవీయే. నాలుగేళ్లుగా ఉన్నట్టు రాశారు కాబట్టి 2022లో పాలసీ తీసుకునే నాటికే మీకు తెలుసన్నది వారి లెక్క. అప్పుడు మీరు మాట్లాడే స్థితిలో లేరు. హిస్టరీ ఎవరు చెప్పారో, ఏమని చెప్పారో కేసు షీటులో చూడాలి. చెప్పినవారు రోగి కాదని తేలితే ఆ లైను బలం చాలా తగ్గుతుంది.

ఆ లైను తీసేసిన కొత్త సమ్మరీ మాత్రం తీసుకోకండి. డబ్బులిచ్చి అసలే తీసుకోకండి. మొదటి కాపీ టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దగ్గర ఇప్పటికే ఉంది. కంపెనీ విచారణ అధికారులు ఆసుపత్రి కేసు షీటు కాపీలు కూడా తెప్పించుకుని ఉంటారు. ఒకే తేదీతో రెండు రకాల సమ్మరీలు కమిషన్ ముందుకొస్తే అంతవరకు నిజాయతీపరుడిగా ఉన్న మీరు ఫోర్జరీ నిందితులవుతారు. మోసం రుజువైతే పాలసీయే రద్దు చేయవచ్చు. 60 నెలలు నిండాక బీమా కంపెనీ దాపరికం మాట ఎత్తకూడదన్న మారటోరియం రక్షణ కూడా మోసానికి వర్తించదు. గెలిచే కేసును చేతులారా పాడు చేసుకోకండి.

సరైన దారి ఇది. ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అడ్మిషన్ నోట్స్‌తో సహా మొత్తం కేసు షీటు నకళ్లు అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలే చెబుతున్నాయి. తర్వాత మీ హెచ్ఐవీ రిపోర్టు జతచేసి, ఆ '4 ఇయర్స్' ఏ ఆధారంతో రాశారో వివరిస్తూ చికిత్స చేసిన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో లేఖ ఇవ్వమని కోరండి. పాత కాగితం అలాగే ఉంటుంది, దాని పక్కన వివరణ చేరుతుంది. రెంటికీ తేడా ఇదే.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం) రిపోర్టు. మూడు వేర్వేరు కిట్లతో చేసిన ఆ పరీక్ష మీద తేదీ ఉంటుంది. ఏఆర్‌టీ కేంద్రంలో నమోదై ఉంటే అక్కడి వైట్ కార్డులోనూ నిర్ధారణ తేదీ రాసి ఉంటుంది, ధ్రువీకరించిన నకలు అడగండి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. 2022కు ముందు రక్తదానం చేసినప్పుడో, మరెక్కడో పరీక్షలో పాజిటివ్ అని మీకు చెప్పి ఉంటే, ఫిర్యాదు వేయకముందే మీ వకీలుకు చెప్పండి. అప్పుడు కేసు స్వరూపమే మారిపోతుంది.

ఏజెంటు ఇచ్చిన ఖాళీ ప్రపోజల్ ఫారం మీద సంతకం పెట్టి, కాపీ కూడా ఉంచుకోలేదని రాశారు. లక్షల రూపాయల ఒప్పందం మీద చదవకుండా సంతకం పెట్టడం క్షమించరాని నిర్లక్ష్యం. 'ఏజెంటు నింపాడు' అన్న మాట కమిషన్ దగ్గర సాధారణంగా నిలవదు. మీ అదృష్టం, జబ్బు ఉందా అన్న ప్రశ్నకు మీ విషయంలో అప్పటికి 'లేదు' అన్న జవాబే నిజం. ఫారం నకలు కంపెనీని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. పాలసీ షెడ్యూలులో హెచ్ఐవీని సూచించే బీ20-బీ24 వ్యాధి కోడ్‌లతో శాశ్వత మినహాయింపు ఏమైనా ఉందో కూడా చూడండి. అలాంటి మినహాయింపు పాలసీ ఇచ్చేటప్పుడు మీ సమ్మతితో పెట్టాల్సిందే తప్ప, జబ్బు తేలాక చేర్చడానికి వీల్లేదు.

ఇక గడువు. ఇందులో మీరు ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు. బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు, రూ.50 లక్షల వరకు అవార్డు ఇవ్వగలరు. కానీ కంపెనీ మీ ఫిర్యాదును తోసిపుచ్చిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఆ ఏడాది 2026 మార్చి 4తో ముగిసింది. 2017 హెచ్ఐవీ చట్టం కింద రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు మూడు నెలలు, సరైన కారణం చూపితే మరో మూడు నెలలే గడువు, అదీ దాటింది. 2025 మార్చి తర్వాత మీరు పంపిన మెయిళ్లు ఏ గడువునూ పొడిగించవు. మిగిలింది వినియోగదారుల కమిషన్. 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంటే మొదటి తిరస్కరణ నుంచి లెక్కిస్తే 2027 జనవరి 16. లీగల్ నోటీసు ఇచ్చినా ఈ గడువు ఆగదు. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఫీజు మీరు కట్టిన ప్రీమియం మీద లెక్క, అది రూ.5 లక్షలు దాటకపోతే ఫీజే లేదు. బిల్లు మొత్తం, తిరస్కరణ తేదీ నుంచి వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు అడగండి.

పేరు గురించి భయం వద్దు. హెచ్ఐవీ చట్టం 34వ సెక్షన్ కింద మారుపేరుతో నడపాలని, విచారణ అంతరంగికంగా జరపాలని ఫిర్యాదుతో పాటే ప్రత్యేక దరఖాస్తు వేయండి. తర్వాత వేద్దామనుకుంటే ఆలోగా పేరు కాజ్‌లిస్టులోకి (విచారణకు వచ్చే కేసుల జాబితా) ఎక్కుతుంది.

నెలవారీ మందుల బిల్లులను ఇదే కేసులో కలపకండి. మీది ఆసుపత్రిలో చేరితే వర్తించే పాలసీ, ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే చికిత్స) కవరు లేకపోతే రోజూ వేసుకునే మాత్రలు అందులోకి రావు. మినహాయింపు ఒక్కటే: పాలసీలో పోస్ట్ హాస్పిటలైజేషన్ క్లాజు ఉంటే, డిశ్చార్జ్ తర్వాత అందులో రాసిన రోజుల వరకు (సాధారణంగా 60) అదే జబ్బుకు ప్రిస్క్రిప్షన్‌తో కొన్న మందులు అడగవచ్చు. మిగతాది ప్రభుత్వ బాధ్యత. వరంగల్ ఎంజీఎం ఏఆర్‌టీ కేంద్రంలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర ఉచితంగా ఇస్తారు. ప్రైవేటు డాక్టరు చీటీ, రిపోర్టులు పట్టుకెళ్లి నమోదు చేయించుకోండి. కేసు తేలేదాకా డబ్బు లేదని ఒక్క రోజు కూడా మాత్ర ఆపవద్దు.

జూన్ రెన్యువల్ తప్పకుండా కట్టండి. ఈ పాలసీ వదిలేసి మరో కంపెనీలో జబ్బు చెప్పకుండా కొత్తది తీసుకుంటే, ఇప్పుడు మీ మీద లేని తప్పు అప్పుడు నిజంగానే మీదవుతుంది.