వానాకాలం చూడని సర్వే

ప్రశ్న: మా ఊరి మేత బీళ్లను ఆనుకుని సున్నపురాయి గని వస్తుందంటున్నారు. త్వరలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. కంపెనీ పర్యావరణ నివేదిక తెలుగు సారాంశంలో మొదటి షెడ్యూలు జంతువులేవీ (వన్యప్రాణి చట్టం గట్టి రక్షణ ఇచ్చినవి) ఇక్కడ లేవని రాశారు. మా కాపరులకు కృష్ణజింకలు తరచూ కనబడతాయి. తోడేళ్లు మందల మీద పడుతుంటాయి. వానలు మొదలయ్యాక గడ్డిలోంచి పైకి ఎగిరి దూకే నల్లపిట్ట ఒకటి వస్తుంది. చదువుకున్నవాళ్లు రాసిన రిపోర్టును మేం కాదంటే ఎవరు వింటారు?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: వినాల్సిందే. కాకపోతే మీ మాట కాగితం మీద ఉండాలి. ముందు ఆ నివేదికలో ఒక్క విషయం వెతకండి: సర్వే ఏ నెలల్లో చేశారు?

గనుల నివేదికలకు వానాకాలం కాకుండా మరేదైనా ఒక సీజన్‌లో, అంటే ఎండాకాలమో చలికాలమో, వివరాలు సేకరిస్తే చాలంటారు. గాలిలో దుమ్ము కొలవడానికి ఆ పద్ధతి సరిపోతుంది. వాన పడితే దుమ్ము అణిగిపోతుంది కదా. గడ్డి భూముల్లో బతికే జీవాలకు మాత్రం ఇది పెద్ద అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అక్కడ ప్రాణం లేచేదే వానకు.

మీరు చెప్పిన నల్లపిట్ట కోడిపెట్టంత ఉండి, రెక్కల మీద తెలుపు కనిపిస్తే అది నేల నెమలి కావచ్చు. లెస్సర్ ఫ్లోరికన్ అంటారు. చూడకుండా ఖాయం చేయను. మీ జిల్లాలోనే ఉన్న రోళ్లపాడులో, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి భూముల్లో, ఇది వానాకాలంలో కనబడిన పక్షి. మగపిట్ట జత కోసం గడ్డి పైకి దూకేది ఆ కొద్ది వారాలే. మిగతా కాలంలో పక్కనుంచి నడిచి వెళ్లినా తెలియదు. ఏప్రిల్‌లో వచ్చి 'లేదు' అని రాస్తే, ఏప్రిల్‌లో కనబడలేదని మాత్రమే అర్థం.

కాలం ఒక్కటే కాదు, పూట కూడా అడగాలి. కడప జిల్లా కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో మళ్లీ కనుక్కున్నారు. అది రాత్రి తిరిగే పక్షి. తర్వాత దాన్ని వెతికినవాళ్లు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లారాక పాదాల గుర్తులు చదివారు. కెమెరాలు పెట్టారు, చీకటి పడే వేళ దాని కూత వినిపించి బదులు కోసం ఎదురుచూశారు. ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. పగలు జీపులో ఒక చుట్టు తిరిగి వెళ్లే సర్వేలో ఇలాంటివి దొరకవు. మీ తోడేళ్లూ అంతే.

ఇక పని. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. సారాంశం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. పూర్తి ముసాయిదా నివేదిక కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడవచ్చు. జీవవైవిధ్యం అధ్యాయంలో తేదీలు, పూటలు, నడిచిన దారులు, సర్వే చేసినవాళ్ల అర్హతలు రాసుకోండి. గని చుట్టూ 10 కిలోమీటర్ల వరకు చూడాలి. రోళ్లపాడు ఆ లోపు వస్తుందేమో మ్యాపులో కొలవండి.

కాపరులు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయించండి: ఏ జంతువు, ఏ చేను పక్కన, ఏ నెలలో. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయండి. పాదం గుర్తు పక్కన అగ్గిపెట్టె పెడితే కొలత తెలుస్తుంది. తోడేలు గొర్రెను చంపినప్పుడు అటవీ శాఖకు ఎవరైనా అర్జీ పెట్టి ఉంటే దాని జిరాక్సు జత చేయండి. అది చాలా బలమైన సాక్ష్యం. గూళ్ల దగ్గరకు మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి.

కృష్ణజింక, తోడేలు, నేల నెమలి మూడూ మొదటి షెడ్యూలువే. అవి ఉన్నాయని తేలితే కంపెనీ అటవీ శాఖను సంప్రదించి, ఖర్చు లెక్కతో సహా రక్షణ ప్రణాళిక ఇవ్వాల్సి వస్తుంది. కావాలని నిజం దాచినట్టు తేలితే అనుమతి రద్దు చేసే వీలు కూడా 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఉంది. కాబట్టి మీ అర్జీలో రెండే కోరండి: వానాకాలంలో మళ్లీ సర్వే చేయాలి, ఆ సర్వేకు అటవీ సిబ్బందినీ కాపరులనూ వెంట తీసుకెళ్లాలి.

సభలో మైకు దొరకకపోతే టెన్షన్ పడొద్దు. రాసి ఇచ్చిన అభ్యంతరం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రోజు నమోదు చేసిన విషయాలను సభ చివర తెలుగులో చదివి వినిపించాలి, అప్పటిదాకా ఉండండి. మీ పాయింటు అందులో లేకపోతే అక్కడికక్కడే చెప్పి రాయించండి. అర్జీ ఒక కాపీ కాలుష్య నియంత్రణ మండలికి, ఒకటి జిల్లా అటవీ అధికారికి ఇచ్చి రెండు చోట్లా రసీదు తీసుకోండి.