కుళాయి వచ్చింది, మంచినీరు వచ్చిందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో చంపావతి ఏటికి దగ్గరలోని పల్లె. ఇంటింటికీ కుళాయిలు వేశారు కాని రోజు విడిచి రోజు అరగంట మాత్రమే నీళ్లు వస్తాయి. ధార సన్నగా ఉందని వీధిలో అందరూ గొయ్యి తవ్వి కుళాయిని కిందికి దించుకున్నారు. ఆ నీళ్లు వాడకానికి సరిపెట్టుకుని, తాగడానికి టిన్ను నీళ్లు కొంటున్నాము. మా అత్తగారు మాత్రం నూతి నీళ్లే తియ్యగా ఉన్నాయంటారు. పోయిన వానాకాలంలో మా చిన్నవాడికి వాంతులు, విరేచనాలై మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాము. మేము ఏ నీళ్లు తాగాలి? కుళాయి సంగతి ఎవరిని అడగాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది ఆ గొయ్యి. నీళ్లు వదిలినంతసేపు గొట్టం నిండుగా ఉంటుంది కనుక బయటి మురికి లోపలికి చొరబడదు. సరఫరా ఆగగానే గొట్టం ఖాళీ అవుతూ, లోపల ఒత్తిడి పడిపోయి, కుళాయి మూతి మునిగి ఉన్న గోతిలోని నీటిని, అతుకులు వదులైన చోట పక్కనున్న మురుగు కాలువ నీటిని కూడా వెనక్కి పీల్చుకుంటుంది. ఆ గోతిలో చేరేది అంట్లు తోమిన నీరు, వాన నీరు, కోళ్లు తొక్కిన బురద. తిరిగి నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో పడేది అదే. ట్యాంకులో నీరు ఎంత శుభ్రంగా ఉన్నా ఇలాంటి ఒక్క గొయ్యి వీధి మొత్తానికి ముప్పు తేగలదు. గొట్టానికి నేరుగా మోటారు బిగించేవారి వల్ల ఈ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది, చివరి ఇళ్లకు చుక్క కూడా అందదు. 2024 అక్టోబరులో మీ జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయని మీకు గుర్తుండే ఉంటుంది. అందువల్ల మీ బాబు జబ్బును వానాకాలంలో మామూలే అనుకుని వదిలేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

మీ అత్తగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఉప్పు తక్కువైన నూతి నీరు నిజంగానే తియ్యగా ఉంటుంది. అయితే రుచి లవణాల సంగతి చెబుతుందే కాని క్రిముల సంగతి చెప్పదు. నూతికి చుట్టూ గట్టు, చప్టా ఉన్నాయా, మరుగుదొడ్డి గుంట గాని పెంట గాని దగ్గరలో ఉందా అన్నది ముందు చూడండి. ఆ తరువాత బ్లీచింగు వేయించాలి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా పొడి చాలు; 2 మీటర్ల వెడల్పున్న నూతిలో 5 మీటర్ల లోతు నీరుంటే అది సుమారు 15,700 లీటర్లు, అంటే 40 గ్రాముల పొడి. చాలా ఊళ్లలో చేసినట్లు పొడిని గుప్పెళ్లతో చల్లి వెళ్లిపోతే ప్రయోజనం తక్కువ. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేటను వేరే బకెట్టులోకి వంచి, తాడుతో నూతిలోకి దించి, బాగా కలిసేలా పైకీ కిందికీ ఆడించాలి. గంట గడిచాకనే నీరు తోడుకోవాలి.

టిన్ను నీటి గురించి ఒక్క మాట. ఆర్వో యంత్రం లవణాలను తీసివేస్తుంది కాని ఆ నీటిలో క్రిములను చంపే క్లోరిన్ మిగలదు, కనుక సరిగా కడగని టిన్నులో పోస్తే క్రిములు మళ్లీ పెరుగుతాయి. ప్రస్తుతానికి మీరు ఏ నీరు తాగినా గుడ్డతో వడగట్టి, తెర్లి పొంగు వచ్చాక మరో నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి, చెయ్యి ముంచకుండా కాడ గరిటెతో తీసుకోండి. మరగబెట్టడం క్రిములను చంపుతుంది. ఫ్లోరైడును, నైట్రేటును తగ్గించదు. ఆ రెంటి సంగతి పరీక్షలోనే తేలుతుంది.

ఎవరిని అడగాలంటారా? 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలని చెబుతోంది. ఐదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెతో 18 బిందెలు. మీ ఇంట రెండు రోజులకు ఎన్ని బిందెలు నిండుతున్నాయో ఒక వారం పాటు తేదీలతో రాసిపెట్టుకోండి. గ్రామసభలో నోటిమాట కన్నా ఆ కాగితానికి బలం ఎక్కువ. అదే పథకం కింద నీటి పరీక్ష కిట్టు వాడడంలో ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో వారెవరో గ్రామ సచివాలయంలో అడగండి, లేకుంటే మీరే ముందుకు రండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి ఇంటి కుళాయి దగ్గర పరీక్ష చేయమని పట్టుబట్టండి. గోతులు పూడ్చి కుళాయిలను నేలకు పైకి ఎత్తించడం మాత్రం వీధివారంతా కలిసి ఒకే రోజున చేయవలసిన పని, ఎందుకంటే ఒక్కరే ఎత్తుకుంటే వారికి నీళ్లు రావు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌లో ఉన్నారు. బోరింగు నీళ్లు మానేసి వంశధార నీళ్లు తాగితే జబ్బు తగ్గుతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: బాబూ, తగ్గుతుందని చెప్పి మీకు లేని ఆశ కల్పించలేను. దెబ్బతిన్న కిడ్నీలు నీరు మారినంత మాత్రాన తిరిగి బాగుపడవు. మీ సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బుకు కారణం ఇదేనని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ వల్ల ఒంట్లో నీరు తగ్గడం, ఇలా అన్నిటినీ పరిశీలిస్తూ వచ్చారు. అనుమానం ఉన్న భూగర్భ జలాన్ని పక్కనపెట్టి, హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాలకు వంశధార నదీజలాన్ని తెచ్చే సుమారు 700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఆ నీరు మీ ఇంటికి వస్తుంటే తాగడానికి, వంటకు దానినే వాడండి. బోరింగు నీరు బట్టలకు, స్నానానికి ఉంచుకోవచ్చు. ఇంట్లో పెద్దలందరికీ కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేయించండి, ఎందుకంటే ఈ జబ్బు చాలాకాలం బయటపడకుండా ముదురుతుంది. మంచినీరు వచ్చింది కదా అని నాన్నగారిని ఎక్కువ తాగమని బలవంతపెట్టకండి. డయాలసిస్‌లో ఉన్నవారు వైద్యులు చెప్పిన కొలతకు మించి తాగితే ఒళ్లు నీరుపట్టి ఆయాసం వస్తుంది. రోజుకు ఎంత తాగవచ్చో డాక్టరుగారిని అడిగి, ఆ కొలతకు ఒక సీసా విడిగా పెట్టండి.