నీరసానికి గ్లూకోజ్ బాటిల్ పెట్టిస్తే బలం వస్తుందా?

అమ్మకు అరవై ఏళ్ళు, నెలకోసారి బాగా నీరసపడిపోతోంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కిస్తే బలం వస్తుందంటున్నాడు, పెట్టించమంటారా అని అడిగారు. నేను తిరుపతిలో ఉంటాను, మా అమ్మ పాకాల దగ్గర పల్లెలో ఉంటుంది. మీ ప్రశ్న చదివితే మా ఇంట్లో జరిగిందే గుర్తొచ్చింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మా అమ్మ పొద్దున్నే పాలు పితికి, ఆవులకు గడ్డి వేసేసరికి ఆయాసపడేది. "ఒళ్ళు లాగేస్తా ఉంది నాయనా, ఒక బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుంది" అనేది. ఊళ్ళో ఆయన దగ్గరికి పోయేది, మూడు గంటలు పడుకుని వచ్చేది, రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. నేనూ ఫోన్‌లో "సరే, పెట్టించుకోమ్మా" అనేవాణ్ణి. చివరికి ఒకసారి మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడిపోతే తిరుపతికి తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 7.2. ఒంట్లో రక్తమే లేని మనిషికి ఎనిమిది నెలలు చక్కెర నీళ్ళు ఎక్కించాం. ఆ రోజు రిపోర్టు చేతిలో పట్టుకుని ఎంత బాధపడ్డానో చెప్పలేను.

చక్కెర నీళ్ళు అని కోపంతో అనడం లేదు, లెక్క చూడండి. మనం గ్లూకోజ్ బాటిల్ అనేది సాధారణంగా 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, కలిపిన నీళ్ళు. అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే ఐదు చెంచాల చక్కెరంత. దాంతో వచ్చే శక్తి వంద క్యాలరీల లోపే. రెండు ఇడ్లీలు తిన్నా అంత వస్తుంది, పైగా ఇడ్లీలో కాస్త మాంసకృత్తులు కూడా ఉంటాయి. బాటిల్‌లో పసుపు రంగు మందు కలిపితే బలం మందు కలిపారని మా అమ్మ ఎంతో నమ్మేది. అది బీ విటమిన్ల మందు, రైబోఫ్లేవిన్ వల్ల ఆ రంగు వస్తుంది. బీ విటమిన్ తక్కువైన వాళ్ళకు అది ఉపయోగమే గానీ, ఇనుము తక్కువైన మా అమ్మకు అది ఏం చేస్తుంది? మరి రెండు రోజులు ఎందుకు బాగుండేదంటే, ఇంటి చాకిరీ లేకుండా మూడు గంటలు పడుకోవడం, నీళ్ళు తక్కువ తాగే మనిషికి కాస్త నీరు అందడం, ఒకరు తనను పట్టించుకున్నారన్న ధైర్యం. నాకు తెలిసినంతవరకు అంతే.

అలాగని సెలైన్ అంటేనే దండగ అనుకోకండి. మా తమ్ముడు బతికి బయటపడింది దాంతోనే. మే నెలలో అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కి వచ్చాడు. ఏం తిన్నాడో ఏమో, ఆ రాత్రంతా వాంతులు, బేదులు. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయాయి, పిక్కలు పట్టేశాయి, మాట ముద్దగా వస్తోంది. నీళ్ళు తాగిస్తే తాగినట్టే బయటికి. ఆసుపత్రిలో బీపీ చూసి వెంటనే రెండు చేతులకూ సూదులు పెట్టారు. నేను "గ్లూకోజ్ పెట్టండి సార్" అంటే, డాక్టరు రింగర్ లాక్టేట్ అనే ఉప్పుల నీళ్ళ బాటిల్ చేతికి తీసుకుని, ఇప్పుడు వీడికి కావలసింది తీపి కాదు, పోయిన నీళ్ళూ ఉప్పులూ అన్నారు.

అది తర్వాత బాగా అర్థమైంది. గ్లూకోజ్ నీళ్ళలోని చక్కెరను ఒళ్ళు వాడేసుకున్నాక మిగిలేది ఉత్త నీళ్ళే. అవి ఒళ్ళంతా సర్దుకుపోతాయి, రక్తనాళాల్లో నిలిచేది చాలా కొద్ది. బీపీ పడిపోయినవాడికి అది చాలదు. మామూలు సెలైన్ అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు. రింగర్ లాక్టేట్‌లో సోడియంతో పాటు కొంచెం పొటాషియం, కాల్షియం, ఇంకా లాక్టేట్ ఉంటాయి. రక్తంలో ఆమ్లం పెరగకుండా చూసే బైకార్బొనేట్ బేదుల్లో పోతుంది, దాన్ని ఆ లాక్టేట్ నుంచి కాలేయం తిరిగి తయారు చేస్తుంది. సెలైన్‌లోనే 5 శాతం గ్లూకోజ్ కలిపి వచ్చేది డీఎన్‌ఎస్. అన్నీ చూడ్డానికి ఒకేలాంటి తెల్లటి నీళ్ళ బాటిళ్ళే, ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మొదటి రెండు బాటిళ్ళు చాలా తొందరగా ఎక్కించారు. ఆ తర్వాత డాక్టరు గంటగంటకూ వచ్చి అడిగింది ఒక్కటే, "ఒంటేలు పోశాడా?" అని. పోశాక, రక్తంలో పొటాషియం తక్కువుందని తర్వాతి బాటిల్‌లో దాన్ని కలిపి చుక్కలు తగ్గించారు. పొటాషియం వేగంగా పోతే గుండెకే ప్రమాదమట. పక్క మంచం పెద్దాయన కొడుకు త్వరగా అయిపోతుందని చుక్కల వేగం మార్చే రోలర్‌ను తనే తిప్పితే నర్సమ్మ పరుగెత్తుకొచ్చి సరిచేసింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. గుండె, కిడ్నీ జబ్బున్న వాళ్ళకు నీరు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరాడదు. షుగర్ ఉన్నవాళ్ళకు గ్లూకోజ్ బాటిల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎక్కిస్తుండగా వణుకు పుట్టినా, ఆయాసం వచ్చినా, సూది దగ్గర వాచినా వెంటనే చెప్పాలి.

వాంతులు తగ్గగానే బాటిల్ ఆపేసి ఓఆర్‌ఎస్ ఇచ్చారు. ఇంకొకటి పెట్టమని నేను బతిమాలినా, నోటితో తాగగలిగినవాడికి సూది ఎందుకన్నారు. పేగులో చక్కెర లోపలికి పోతూ ఉప్పునూ నీళ్ళనూ వెంట తీసుకుపోతుంది, ఆ కిటుకు మీదే ఓఆర్‌ఎస్ పనిచేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య కలరా వచ్చి సెలైన్ అయిపోతే, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువైపోతుంది. ఆ పేరుతో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు ఇది కాదు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడకూడదని చెప్పింది.

మీ అమ్మగారికి వాంతులు, బేదులు లేవు, తినగలుగుతున్నారు, తాగగలుగుతున్నారు అని రాశారు. అలాంటప్పుడు బాటిల్ వద్దు. ఈ వారంలోనే హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం చూపించండి. బీపీ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా డాక్టరుకు చూపించండి, కొన్ని మాత్రల వల్ల సోడియం, పొటాషియం తగ్గుతాయి. రక్తం తక్కువని తేలితే మాత్రలతో ఆగకుండా ఎందుకు తగ్గిందో కూడా అడగండి, ఈ వయసులో అది ముఖ్యం. మా అమ్మకు కారణం కడుపులో పుండు. దానికి మందు, ఇనుము మాత్రలు, నాలుగు నెలలు పట్టింది. మొన్న చూపిస్తే 11.4 ఉంది, పాలు మళ్ళీ తనే పితుకుతోంది.