అంతస్త్వచం గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. మొదటి పేరాలోనే పిండంలోని మూడు పొరల పేర్లూ (బయటిది బాహ్యత్వచం, నడిమిది మధ్యత్వచం, లోపలిది అంతస్త్వచం), ఏ పొర నుంచి ఏ అవయవం వస్తుందో పట్టికా ఇచ్చేశావు. ఇంటర్ జువాలజీ పరీక్షకు అది చాలు. పాఠకుడు మాత్రం అక్కడే ఆగిపోతాడు.

అసలు విశేషమంతా కణాల కదలికలో ఉంది. ఫలదీకరణ జరిగిన మూడో వారంలో మనిషి పిండం రెండు పొరల పల్చటి బిళ్ల. పై పొర మీద ఒక గాడి పడుతుంది, దాన్నే ఆదిమ రేఖ అంటారు. పై కణాలు కొన్ని ఇరుగుపొరుగు పట్టు వదిలించుకుని ఆ గాడిలోకి దిగుతాయి. కింది పొరను పక్కకు నెట్టి ఆ చోట పరుచుకుంటాయి. అదే అంతస్త్వచం. వాటి తర్వాత దిగినవి మధ్యత్వచం అవుతాయి. మన ఒంట్లో అన్నిటికన్నా లోపలుండే పొర పైనుంచి దిగివచ్చిందన్నమాట! ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నువ్వు దీన్ని చివరి పేజీలో ఒక్క వాక్యంతో దాటేశావు. ముందుకు తీసుకురా.

ఆ తర్వాత ఆ పొర ముడుచుకుని గొట్టమవుతుంది. గొట్టం గోడ నుంచి మొగ్గల్లా పొడుచుకొచ్చినవే కాలేయం, క్లోమం, ఊపిరితిత్తులు. థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. ఊపిరితిత్తులు అన్నం వెళ్లే దారిలోంచే చీలాయని చెప్పు. అన్నం తింటూ పొలమారి, నెత్తి మీద అమ్మమ్మ చేత తట్టించుకున్న ప్రతివాడికీ సంగతి తడుతుంది.

‘పేగంతా అంతస్త్వచం నుంచే’ అన్న వాక్యం కొట్టెయ్. దాని నుంచి వచ్చేది లోపలి అస్తరు మాత్రమే. పేగు కండరం మధ్యత్వచానిది, నరాలు బాహ్యత్వచానివి.

పిండశాస్త్రవేత్త పాండర్ ప్రస్తావన ఉంచు. 1817లో జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో ఆయన మూడు పొరల్నీ గుర్తించింది కోడిపిండంలోనని కూడా రాయి. వెన్నెముక ఉన్న ఇతర జంతువులకూ అది వర్తిస్తుందని చూపినవాడు మరో పిండశాస్త్రవేత్త ఫాన్ బేర్.

ఇంకొక్కటి. పాత కింది పొర పూర్తిగా తొలగిపోతుందని రాశావు. 2008లో ఎలుక పిండాల మీద వచ్చిన పరిశోధనలో ఆ పాత కణాలు కొన్ని కొత్తవాటి మధ్యే నిలిచి పేగు అస్తరులో కలిసిపోతాయని తేలింది. అక్కడ ‘పూర్తిగా’ తీసేసి, ఎలుకల్లో చూసిన సంగతి చేర్చు. తిరగరాసి పంపు, చూస్తాను.