మీవాడు స్విచ్ కొనమంటున్నాడా? ముందు నా 200 డాలర్ల కథ విను

తమ్ముడూ, టెక్సస్‌లో అర్వింగ్ వచ్చి నాలుగు నెలలన్నావు, అప్పుడే మీ ఎనిమిదేళ్ళ బాబు నింటెండో వాళ్ళ గేమ్ మిషను స్విచ్ టూ కోసం ఏడుస్తున్నాడు, నీ మనసేమో కంప్యూటర్ గేములు చేతిలో పట్టుకుని ఆడుకునే స్టీమ్ డెక్ మీద ఉంది, రెండిట్లో ఏది చవకని అడిగావు. రెండూ చవక కాదు. ఏది ఎవరి కోసం చేశారో ముందు చూడాలి, రేటు సంగతి తర్వాత. నాకీ ముక్క చెప్పినవాళ్ళు లేక డబ్బులు తగలేసి నేర్చుకున్నాను.

2019లో మావాడిదీ ఇదే వయసు. మామూలు స్విచ్ 299.99 డాలర్లు, ఆ సెప్టెంబరులో కొత్తగా వచ్చిన చిన్న రకం, స్విచ్ లైట్, 199.99. వంద డాలర్లు, అంటే అప్పటి లెక్కలో ఏడు వేల రూపాయలు మిగిలాయని మురిసిపోయి లైట్ పట్టుకొచ్చాను (కాఫీ తాగినా డెబ్బైతో హెచ్చవేసే రోజులవి, నువ్వూ ఇప్పుడు అదే చేస్తుంటావు, ఏడాదిలో పోతుందిలే). బిల్లు 216.49 అయింది. మన ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది, ఇక్కడ మా ఊళ్ళో 8.25 శాతం కౌంటర్ దగ్గర కలుస్తుంది.

ఇంటికొచ్చి టీవీకి తగిలిద్దామని డబ్బా అంతా తిరగేశాను, అట్ట కింద కూడా వెతికాను, టీవీకి కలిపే స్టాండు, అదే డాక్, లేదు. లైట్ అసలు టీవీకి తగలదట. ఒక్కళ్ళే చేతిలో పట్టుకుని ఆడుకునేవాళ్ళకీ, ఇంట్లో ఇప్పటికే ఒక స్విచ్ ఉన్నవాళ్ళకీ సరిపోయే సరుకు అది. కంట్రోలర్లు ఊడిరావు, కాబట్టి అక్కాతమ్ముళ్ళు చెరొకటి పట్టుకుని ఆడటం కుదరదు. మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడు నెలలు తిరక్కుండానే మామూలు స్విచ్ కూడా కొన్నాను.

అదైనా తిన్నగా కొన్నానా? టీవీతో కలిపి ఒక షాపు వాళ్ళ కార్డు మీద తీసుకున్నాను, పన్నెండు నెలలు వడ్డీ లేదన్నారు. గడువు రోజుకి ఇంకా 40 డాలర్లు మిగిలాయి. ఆ నలభైకే వడ్డీ పడుతుందనుకున్నాను, కానీ కొన్న రోజు నుంచీ లెక్కగట్టి 130 పైచిలుకు వేశారు. చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చదవలేదు. ఇలాంటి కార్డుల రూల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, చూసుకో.

మిషను రేటు గుమ్మం వరకే. అప్పట్లో గేమ్ ఒక్కొక్కటి 60 డాలర్లు, ఐదు కొంటే స్విచ్ ఖరీదు. పైగా నింటెండో సొంత గేముల ధరలు అంత తేలిగ్గా దిగవు. 2025 జూన్‌లో స్విచ్ టూ 449.99కి వస్తే, దానితోపాటే విడుదలైన మారియో కార్ట్ వరల్డ్ గేమ్ విడిగా 79.99. పాతదైతే తగ్గుతుందిలే అనుకుంటావేమో, అదే ఏడాది ఆగస్టులో లైట్‌ని 229.99 చేశారు!

స్టీమ్ డెక్ కథ వేరు. దాన్ని చేసే వాల్వ్ వాళ్ళకి అసలు వ్యాపారం స్టీమ్ అనే తమ ఆన్‌లైన్ షాపులో కంప్యూటర్ గేములు అమ్మడం, అందుకే 2022లో 399 నుంచే మొదలుపెట్టారు. హైదరాబాదులో కొన్న గేములు నీ స్టీమ్ అకౌంట్లో ఉంటే అవి దీంట్లోకీ వస్తాయి, సేల్‌లో పది డాలర్లకి మంచివి దొరుకుతాయి. లేకపోతే నీకు అదెందుకు? ఇక 199.99కి వచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ చూసి చవకని ఎగబడకు, అది ఇంట్లో ఇప్పటికే ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్ళ కోసం చేసింది. 999.99 పెట్టిన ఎక్స్‌బాక్స్ అల్లీ ఎక్స్ జోలికి అసలే పోకు, నీ అపార్ట్‌మెంట్ డిపాజిట్ ఎంతో గుర్తుచేసుకో.

నా మాట వింటే ఇప్పటికి డాక్‌తో ఉన్న పాత మామూలు స్విచ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకో. ఎదురుగా ఆన్ చేయించి, కంట్రోలర్ మీది స్టిక్ వదిలేశాక తెర మీద బొమ్మ దానంతటదే పక్కకి జరుగుతోందేమో చూడు. జరిగితే వదిలెయ్. గేములు క్యాసెట్‌వే కొను, డౌన్‌లోడ్ చేసింది తిరిగి అమ్ముకోలేవు, మావాడివి నాలుగు అలాగే ఉండిపోయాయి. కొనేముందు మీ పబ్లిక్ లైబ్రరీలో అడుగు, చాలా ఊళ్ళలో పుస్తకాల్లాగే స్విచ్ గేములూ అరువిస్తారు. ఈ సంగతి నాకు మూడేళ్ళకి తెలిసింది. లైబ్రరీ కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ శనివారం బాబుని తీసుకుని వెళ్ళు, అడ్రస్ ఉన్న కరెంటు బిల్లు మర్చిపోకు.